చెవిదిండ్లు

ఎనిమిదొందల హెడ్‌ఫోను.
ఏడాది తిరక్కముందే పొట్టు రాలబట్టింది.
మాడిన అప్పడం పెళ్ళల మాదిరి
నల్లటి పొరలు
చెవి మడతల్లో, చొక్కా కాలరు మీద.
"ఏం సామీ, జుట్టుకు రంగేసినావా?"
కోర్టు వాకిట్లో ప్లీడరు గుమాస్తా దొరైరాజు
ముక్కుతో గాలి వదుల్తా నవ్వుతాడు.

నాకు కూడు పెట్టేది చెవులే.
చిత్తూరు హైరోడ్డులో, జెరాక్సు అంగడి మిద్దె మీద
ఎవురెవురో చెప్పుకొన్న మాటలు విని
కాయితం మీదికి దించాల.
పేజీకి పదైదు రూపాయలు.

మునెమ్మ మాటలు నలభై నిమిషాలు.
హద్దుల కాడికొచ్చేసరికి
పడమటి గట్టు అనిందో
పడమటి గుట్ట అనిందో
తేలదు.
గట్టంటే ఒక ఎకరా. గుట్టంటే మూడు.
హెడ్‌ఫోనులో బేసు మాత్రం దండిగా,
గంగజాతర పలకలు నెత్తిన కొట్టినట్టు.
ఆ దుమ్ములో హల్లులన్నీ మునిగిపోయి
అచ్చులే పొర్లాడతా ఉండాయి.

"దిండ్లు మార్చన్నా, గొంతు మారతాది"
అన్నాడు సెల్లు రిపేరు యుగంధర్.
తెప్పించినా. మూడొందల యాభై.
మందంగా, మెత్తగా, కొత్త చెప్పుల వాసన.
తొడిగితే
మామిడి గుజ్జు డ్రమ్ములో తలకాయ పెట్టించి
బయటినుంచి ఎవురో పిలిచినట్టుండాది.
తోలు చెవిని గట్టిగా మూసి
బరువు శబ్దాన్నంతా లోపలే ఊరబెట్టింది.

గ్రీమ్స్‌పేటలో ఆటో సీట్లు కుట్టే పీరా సాయిబు
కండ్లద్దాలు నొసటికి తోసి
తిప్పి తిప్పి చూసినాడు.
"ఇంత చిన్న సీటా! దీంట్లో ఎవురు కూర్చుంటారు?"
"మాటలు" అన్నా.

సద్ది క్యారియరు మూత బోర్లించి
సుద్దముక్కతో గీసినాడు.
స్కూలు వ్యాను సీటు స్పాంజి,
పెండ్లి కుర్చీకి పోగా మిగిలిన ఎర్ర మఖ్మలు.
"గుడ్డయితే గాలాడతాది నాయనా,
తోలు కింద మనిషే ఉడికిపోతాడు, మాటెంత."
మొదటిది వదులైంది. ఊడదీసినాడు.
వంకర సూదితో మళ్ళా చుట్టూతా.

పెట్టుకొన్నా,
పెండ్లికొడుకు కుర్చీని రెండుగా కోసి
చెవులకు కట్టుకొన్నట్టు.
బేసు సగం పోయింది. పాటలు వినేవాడైతే తిట్టును.
నాకు మాత్రం
నీవా ఏట్లో నీళ్ళు దిగినాక
రాయి రాయీ లెక్కకొచ్చినట్టు
అక్షరమక్షరమూ పైకి తేలింది.

ముప్పై ఒకటో నిమిషం.
"గట్టు" అనింది మునెమ్మ.
దానికి ముందర,
ఇన్నాళ్ళూ పలకల కింద పూడిపోయిన
ఒక మొగ గుసగుస:
"గుట్టని చెప్పు. గుట్ట అను."
మాట చివర ముక్కుతో వదిలిన గాలి.
ఆమె ఆగింది.
ఫ్యాను టకటకమని నాలుగు చుట్లు.
"గట్టే నాయనా. మా మామ నన్ను నడిపించి చూపించినాడు."

కుట్టు సరిపోయిందో లేదో చూడమని
పీరాకిచ్చినా.
మిషను మోతకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది ఆయనకు.
కుడి చెవికే ఆనించుకొని
కండ్లు మూసుకొని, చానాసేపు.
ఎకరాలు అడగలా. ఎవురు గెలిచినారని అడగలా.
"ఈ ముసలామెకు గొంతెండిపోయిందబ్బా.
ఎవురన్నా ఇన్ని నీళ్ళిచ్చినారా?"

వెనక్కి తిప్పి విన్నా.
ముప్పై నాలుగో నిమిషంలో
లోటా కింద పెట్టిన చప్పుడు.
చిన్నది.
అది గూడా టైపు కొట్టినా.

పొద్దున కాలరు మీద ఎర్ర నూగు.
చూసి నవ్వబోయినాడు దొరైరాజు.
పేజీలు చేతికిచ్చినా.
పదకొండు.
పదైదు లెక్కన నూట అరవై అయిదు.